భోజనాల వేళ ట్రంపెట్

పోయిన నెలలో ఒక పొద్దున నేను కొట్టు షట్టరు ఎత్తుతుండగా మసీదు మైకులో చావు కబురు వినిపించింది. పేరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అన్నారు. ఎవరో పాపం అనుకుని పురుగుమందు డబ్బాలు సర్దుకోవడంలో పడ్డాను. మైకులో చెప్పే ఆయనకి కూడా అనుమానం వచ్చినట్టుంది. కాసేపాగి, "అదేనండీ, పరుపుల కొట్టాయన... ట్రంపెట్ ఊదే ఆయన" అన్నాడు. చేతిలో డబ్బా చేతిలోనే ఉండిపోయింది. పోయింది మా పక్కింటాయన. ఇన్నేళ్లు ఒకే గోడకి అటూ ఇటూ బతికి, పేరు చెబితే మనిషిని గుర్తుపట్టలేకపోయాను. ఊరందరికీ లాగే నాకూ ఆయన ట్రంపెట్ బాబాయి, అంతే.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఆయన వాయించగా విన్నారు. విన్నామని మీకు తెలియకపోవచ్చు. గుంటూరు నుంచి చీమకుర్తి దాకా ఏ ఫంక్షన్ హాల్లో రిసెప్షనుకి వెళ్లినా, స్టేజీకి ఓ పక్కన తెల్ల చొక్కాల్లో నలుగురు కనిపిస్తే అది ఆయన బృందమే. కీబోర్డు మీద మా ఊరి చర్చిలో వాయించే టీచరు గారు, బేస్ గిటారు మీద చీరాల నుంచి వచ్చే ఒక మగ్గం పనివాడు, డ్రమ్ముల వెనక ఒక ఆటో డ్రైవరు, ముందు నిలబడి బాబాయి. పెద్ద డ్రమ్ము మీద ‘జాజ్ క్వార్టెట్’ అని ఎర్ర రంగుతో రాయించుకున్నాడు. క్వార్టెట్ అంటే నలుగురు కలిసి వాయించేదని ఎంతమందికి చెప్పాడో. మనకి తెలిసింది క్వార్టరే కదా. "క్వార్టర్ బ్యాండు వచ్చిందిరోయ్" అని కుర్రాళ్లు కేకలేసేవాళ్లు. జీవితంలో చుక్క ముట్టని మనిషి ఆయన. నవ్వి ఊరుకునేవాడు.

పగలు పరుపులు కుట్టేవాడు. దూది ఏకే మిషను ముందు నుంచి లేచి వచ్చేసరికి కనుబొమల మీదా మీసం మీదా తెల్లగా నూగు. వయసులో ఉండగా మద్రాసు వెళ్లి ఒక హోటల్ బ్యాండులో చేరాడట. అక్కడ ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ దగ్గర ఈ జాజ్ నేర్చుకున్నాడు. తండ్రి పోయాక కొట్టు చూసుకోవడానికి తిరిగొచ్చాడు. మిరపకాయల రోజుల్లో మా ఊళ్లో గాలికే ఘాటెక్కుతుంది, అప్పుడాయన దగ్గు గోడ దాటి మా ఇంట్లోకి వినపడేది. దూది నూగూ మిరప ఘాటూ కలిసి ఆ ఊపిరితిత్తుల్ని ఏం చేశాయో తెలియదు గానీ, చివరికి ఆయాసంతోనే పోయాడు.

ఇంట్లో సాధన చేసేటప్పుడు వాళ్లావిడ పప్పుగిన్నె పట్టుకెళ్లి ట్రంపెట్ మూతికి అడ్డం పెట్టేవాడు. పెడుతూ తీస్తూ వాయిస్తే అది చంటిపిల్లలా గునిసేది. వంటింట్లోంచి ఆవిడ, మా పిన్ని, అరిచేది.

"ఆ గిన్నె ఇటియ్యండి, తిరగమోత మాడిపోతంది!"

"ఉండవే, ఇదింకా ఏడుపు ఆపలా" అనేవాడు బాబాయి. మా ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్లం. నవ్వుకోవడమే గానీ, ఒక్కరోజూ వెళ్లి కూర్చుని విన్నది లేదు.

ఆయన వాయింపుతో జనానికి పెద్ద ఇబ్బంది ఉండేది. అడిగిన సినిమా పాటే ఎత్తుకునేవాడు. పల్లవి వినగానే అందరూ తలలూపేవాళ్లు. రెండోసారి వచ్చేసరికి పాట ఎక్కడికో వెళ్లిపోయేది. "పాట మర్చిపోయాడు పాపం, పెద్దోడైపోయాడు" అని నా పక్కన కూర్చున్నవాళ్లు అనడం నేనే విన్నాను. ఒకసారి ఆ సంగతే ఆయనతో అన్నాను.

"ఒరేయ్, ప్రత్తిపాడు నించి రోడ్డెంబడి పోతే గుంటూరు వస్తది. చేలకడ్డంపడి పోయినా గుంటూరే వస్తది. కాకపోతే పత్తి పూత చూసుకుంటా పోతాం" అన్నాడు.

మరి రోడ్డు మీద పోయేవాళ్లకి మీరు కనపడరు కదా బాబాయ్ అంటే, "గుంటూర్లో కలుస్తాంలేరా" అన్నాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. పురుగుమందులు అమ్ముతాను కాబట్టి చుట్టుపక్కల రైతులందరూ తెలుసు, ఎవరింట్లో పెళ్లయినా నాకు శుభలేఖ వస్తుంది. వెళ్లినవాణ్ణి వెళ్లినట్టు భోజనాల వైపు నడుస్తాను. ఫలానా వాళ్ల పెళ్లిలో ఏం పెట్టారో, ఏది కుదిరిందో ఏది చెడిందో ఇప్పుడడిగినా చెప్తాను. నా పొట్ట చూసినవాళ్లు నమ్ముతారు. తిరిగొచ్చేటప్పుడు బాబాయిని నా కారులోనే ఎక్కించుకునేవాణ్ణి. ట్రంపెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేవాడు. కారు రోడ్డెక్కగానే ఒకటే మాట అడిగేవాడు.

"ఎట్టా ఉందిరా?"

"గోంగూర మటన్ అదిరింది బాబాయ్. బిర్యానీలో ఉప్పు కాస్త తగ్గింది."

"ఊఁ."

"పెరుగు మాత్రం గడ్డ. చెంచా దిగలా."

"ఊఁ" అని, కిటికీ అద్దం దించుకుని చేల వైపు చూస్తూ కూర్చునేవాడు.

వాయించేవాళ్లు ఆఖరి బంతిలో తింటారు, వాళ్ల వంతుకి సాంబారు తప్ప ఏమీ మిగలదు. అందుకే అడుగుతున్నాడు కాబోలు అనుకుని, ఒక్క వంటకం కూడా వదలకుండా వర్ణించి చెప్పేవాణ్ణి. ప్రతి పెళ్లికీ ఇదే వరస.

మూడోనాటి ఫాతిహా ప్రార్థనలకి వెళ్లాను. భర్త పోయాక కొన్నాళ్లు పిన్ని బయటికి రాకూడదు గనక గడప లోపలే కూర్చుంది, నేను వసారాలో కూర్చున్నాను. వచ్చినవాళ్లు సర్దుకున్నాక మెల్లగా అంది.

"నాయనా, ఆయన ఇంట్లో వాయించుకునేది వినడవేగానీ, నలుగురూ కలిసి స్టేజీ మీద వాయిస్తంటే నేనెప్పుడూ చూళ్ళా. వాయించేవాళ్లని పిలుస్తారుగానీ వాళ్లింట్లో ఆడోళ్లనెవరు పిలుస్తారు? నువ్వు అన్ని పెళ్లిళ్లకీ పోయావుగా. ఎట్టా వాయించేవాడు?"

మా వీధి పెళ్లిళ్లకైనా ఆయన్ని పెట్టి ఉంటే ఆవిడ వినేది. మనవాడేగా, ఎప్పుడైనా వినొచ్చులే అని మేం డీజేలని తెచ్చుకున్నాం. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. నేను జవాబు వెతుక్కున్నాను. ఎంత వెతికినా నాకు గోంగూర మటనే గుర్తొచ్చింది. ఇంత వయసొచ్చి, ఒక మనిషి ముందు కూర్చుని, చెప్పడానికి ఒక్క ముక్క లేక తలవంచుకోవడం ఎలా ఉంటుందో ఆ వసారాలో తెలిసింది. "బాగా వాయించేవాడు పిన్నీ" అన్నాను. ఆ మాట నాకే చప్పగా వినపడింది. వీడియో తెచ్చి చూపిస్తానని చెప్పి లేచొచ్చేశాను.

బాబాయి బృందం వాయించిన చీమకుర్తి గ్రానైట్ వాళ్ల రిసెప్షను వీడియో తీసిన స్టూడియో అతను పాత హార్డ్ డిస్కులన్నీ వెతికి ఆ ఫంక్షను పట్టుకున్నాడు. మొత్తం గబగబా ముందుకి తిప్పి చూశాం. బాబాయి ఎక్కడా లేడు.

"బ్యాండు మొదలెట్టగానే మేం భోజనాల కాడికి పోతామండీ. స్టేజీ మీద చూసేదేవుంటది చెప్పండి?" అన్నాడతను. "సౌండు మాత్రం బ్రహ్మాండంగా ఉంటది. వాళ్ల మైకుల నించి వైరు డైరెక్టుగా కెమెరాకి లాగాం. జనం గోల ఒక్క ముక్క పడదు."

బ్యాండు మొదలైన చోటు నుంచి మళ్లీ పెట్టాడు. నిజమే, పడలేదు. తెర మీద వరసగా కూర్చుని తింటున్న జనం, వినపడేది ఆ నలుగురే. మొదట పాట పాటలాగే వచ్చింది. తర్వాత బాబాయి రోడ్డు దిగాడు. డ్రమ్ముల అతను కర్రలు పక్కన పెట్టినట్టున్నాడు, దేనితోనో మెత్తగా రుద్దుతున్న చప్పుడు. కీబోర్డు టీచరు గారు ఒక చిన్న ముక్క అడిగారు, దానికి ట్రంపెట్ జవాబు చెప్పింది, చెప్పి ఎదురు ప్రశ్న వేసింది. తర్వాత బాబాయి ఒక్క స్వరం పట్టుకుని నిలబడిపోయాడు. అది సన్నబడి, సన్నబడి, ఇక ఊపిరి అయిపోయిందనుకున్న చోట మళ్లీ తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే తెర మీదికి నేనొచ్చాను. గోంగూర కలిపిన ముద్ద బుగ్గన పెట్టుకుని, చెయ్యెత్తి, నోరంతా తెరిచి పెరుగు కోసం కేకేస్తున్నాను. నా కేక వినపడలేదు. నా నోట్లోంచి ట్రంపెట్ వస్తోంది.

స్టూడియో అతను పకపకా నవ్వాడు. నాకు మాత్రం అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. ‘ఎట్టా ఉందిరా’ అని ఆయన అడిగింది ఏ సంగతో అప్పుడు తెలిసింది. ఆ రోజు కూడా అడిగాడు. నేను పెరుగు గురించి చెప్పాను.

వాయింపు అయిపోయాక చప్పట్లు లేవు. వైరు కదా, జనం చప్పుడు పడదు కదా అని సర్దిచెప్పుకోబోయాను. కానీ తెర మీద చేతులు కనిపిస్తున్నాయి. అన్నీ విస్తళ్లలోనే ఉన్నాయి.

నా ముక్క వరకు కోసెయ్యమని అడిగాను. కోస్తే సౌండు తెగుతుందన్నాడు. ఆ స్వరం సరిగ్గా నా మొహం మీదే ఉంది, దాన్ని తెగ్గొట్టమనడానికి నోరు రాలేదు. ఉన్నదున్నట్టే ఫోనులోకి ఎక్కించుకుని తెచ్చాను.

పిన్ని గడప లోపల చాప మీద కూర్చుని ఫోను రెండు చేతులతో పట్టుకుంది. కొంగు సర్దుకుని తెరలోకి వంగి చూసింది.

"ఆయనేడి?"

"కనపడడు పిన్నీ. వినపడతాడు."

కాసేపు చూసింది. "వీళ్లంతా ఎవురు?"

"పెళ్లికొచ్చినవాళ్లు."

నేను గుమ్మం చెక్క మీద చారలు చూస్తూ కూర్చున్నాను. ఆ స్వరం మొదలైంది. ఇప్పుడు నేనొస్తానని తెలుసు. సన్నబడుతోంది. పిన్ని ఒకసారి తెర వంకా ఒకసారి నా వంకా చూసింది. కోపమేమీ లేదు ఆవిడ మొహంలో.

"నువ్వేగా? బాగా తిన్నావా నాయనా?" అంది.

ఫోను నెమ్మదిగా చాప మీద బోర్లించింది. మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కళ్లు మూసుకుంది. కింద తెర మీద మేమింకా తింటూనే ఉన్నాం. పైన ఆయన వాయిస్తూనే ఉన్నాడు.