దద్దుర్లకు మేం పెట్టుకున్న పేరు

"మీకు ఏ మందైనా పడదా?" అని ఆస్పత్రిలో అడిగితే మీరు జరిగింది చెబుతారా, జరిగినదానికి మీ ఇంట్లో పెట్టుకున్న పేరును బట్టి చెబుతారా?

గుండెకు సీటీ స్కాన్ తీసే యంత్రం కర్నూలుకు కొత్తగా వచ్చిన రోజులవి. మైదుకూరులో అంగడి నడిపే మా అన్నకు ఛాతీ నొప్పి వస్తుంటే వదినా నేనూ అక్కడికి తీసుకెళ్ళాం. నరంలోకి రంగు మందు ఎక్కిస్తేనే గుండె రక్తనాళాలు కనిపిస్తాయని నర్సు చెప్పింది. ఇంతకుముందు అలాంటి మందు పడక ఇబ్బందైందా అని అడిగింది.

"మా ఆయప్పకు రాళ్ళు తిన్నా అరుగుతాయిలే తల్లీ," అంది వదిన.

మందెక్కిన కాసేపటికే లోపల కేకలు. తలుపు తీసి చూస్తే అన్న మెడంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఈల వేస్తోంది. గుండెపోటా, మరేదైనానా? నాకేమీ అర్థం కాలేదు. డాక్టరు స్కాన్ ఆపించి తొడకు సూది వేశాడు. కాళ్ళు ఎత్తిపెట్టి ఆక్సిజన్, సెలైన్ పెట్టారు. మెల్లగా ఊపిరి కుదుటపడింది.

"అయ్యో, మళ్ళా అమ్మవారే!" అంది వదిన.

"మళ్ళా ఏంది వదినా?"

"మూత్రంలో రాయుండాదని కడపలో సూదేసి ఫోటో తీసినారు గదప్పా, ఆ పొద్దే ఇట్లే లేసినాయి. యాపాకు నీళ్ళు పోస్తే పోయినాయి."

"నర్సు అడిగితే చెప్పలేదే?"

"ఆ పిల్ల మందు సంగతి అడిగె, అమ్మవారి సంగతి అడిగిందా? చెప్పింటే నువ్వే నగుతాంటివి, మీటింగుల్లో నగినట్ల."

ఆమె అబద్ధమాడలేదు. నర్సు అడగవలసిందే అడిగింది. మూఢనమ్మకాన్ని వేదికెక్కి ఎండగట్టేవాణ్ణి, ఇక్కడ ఎవరిని ఎండగట్టాలి?

"ముందే తెలిసుంటే ఇది జరిగేది కాదా?" అని కడప సంగతి చెప్పి డాక్టరును అడిగాను.

"అట్లని చెప్పలేనప్పా. కడపలో ఏసిందీ ఈ జాతి రంగు మందే అయ్యుంటాది. ఒకసారి పడనోళ్ళకు మళ్ళా వచ్చే భయం ఎక్కువ. ప్రతిసారీ రావాలనీ లేదు. తెలిసుంటే వేరే దారి ఆలోచిస్తాంటి."

అన్న కళ్ళు తెరిచి, "ఏమే, ఈడ యాపాకు యాడ తెస్తావు?" అన్నాడు బొంగురు గొంతుతో.

గుండెలో ఏముందో తేలనే లేదు. రేపు ఆంజియోగ్రాం చేయాలన్నా ఆ జాతి మందే కావాలట.

అమ్మవారు ఉందా లేదా అన్న తగువు తర్వాత పెట్టుకుందాం. సూది వేసిన రోజున మీ ఇంట్లో ఎవరికైనా దద్దుర్లు లేచాయా, ఊపిరి ఆడలేదా, ఈరోజే అడిగి తెలుసుకోండి. పరీక్షకు పడుకోకముందే అది డాక్టరుకు చెప్పండి.