భోంచేసి బయల్దేరండి

మా వైపు ఫోన్లో చావు కబురు చెప్పేవాళ్ళు ఆ మాట పైకి అనరు. "ఒంట్లో బాగోలేదు, భోంచేసి బయల్దేరండి" అంటారు. తెలిశాక శవం లేచేదాకా ఎవరూ ముద్ద ముట్టరు కాబట్టి, ముందే తిననివ్వడం మర్యాద.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో అమలాపురంలో మా నాన్న పోయారు. రాజోలులో ఉన్న అక్కకి నేనూ అలాగే చెప్పాను. బస్సులో ఒంటరిగా వస్తుంది, దారిలో తెలియకూడదని నా భయం.

ఈలోగా మా బాబాయి కొడుకు బంధువులందరికీ మెసేజ్ పెట్టేశాడు. చాటింగులో చావుకి వాడే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఆర్.ఐ.పి. అక్కకి అక్షరాలు వచ్చు, వాటి అర్థం తెలియదు. పక్క సీట్లో కాలేజీ పిల్లకి చూపించింది.

"ఏంటమ్మా ఇది? మా బాబాయి కొడుకు పంపేడు. మా నాన్నకి బాగోలేదంటే వెళ్తున్నాను."

ఆ పిల్ల కాసేపు ఫోను చూసి, "ఊరికే పంపేరు లెండి. భోంచేసి బయల్దేరేరా అండీ?" అందట.

పెద్దకర్మ అయ్యాక అక్క ఇది చెప్పింది. కొత్త మాటలు తెలిసిన పిల్లకి ఈ పాత మర్యాద ఎక్కడ అబ్బిందా అని నాకు ఆశ్చర్యం వేసింది.

"అయితే ఇంటికొచ్చేదాకా నీకు తెలీలేదన్నమాట," అన్నాను.

"నువ్వు భోంచేసి రమ్మన్నప్పుడే అనుమానమొచ్చిందిరా. ఆ పిల్లా అదే అడిగేసరికి ఆశ వదిలేసేను."

"మరి ఏమన్నావు?"

"తిన్నానమ్మా అన్నాను. తినలేదంటే పాపం బాధపడదూ?"