ఎర్తింగ్ గుంతకు నీళ్ళు పోసిన మెకానిక్కు

కంప్యూటర్లు బాగుచేయడం నేర్చుకున్న ఆ కొత్తల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, నాకు అన్నీ వచ్చు. రెండు, రానిదేదన్నా ఎదురైతే అది కరెంటు తప్పు. మొదటిది నా వయసు ఇచ్చిన నమ్మకం, రెండోది మా ఊళ్ళు ఇచ్చింది. ఉదయగిరి, సీతారామపురం వైపు పుట్టి పెరిగినవాడెవడూ బల్బు మినుకుమంటే బల్బు వంక చూడడు, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ వంక చూస్తాడు. ఫ్యాను మెల్లగా తిరిగితే కరెంటు, మిక్సీ మూలిగితే కరెంటు, టీవీలో గీతలొస్తే కరెంటు. (మా అవ్వ అయితే పాలు విరిగినా లోవోల్టేజీ అనేది. ఇంట్లో ఫ్రిజ్ ఉండేది కాబట్టి ఆ మాట పూర్తిగా తప్పనీ అనలేం.) అలాంటి గడ్డ మీద పెరిగిన నేను ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ల అంగట్లో పనికి కుదిరి, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని, ప్రపంచంలో పాడైన వస్తువులన్నీ నాకోసమే ఎదురుచూస్తున్నాయనుకుంటూ తిరిగేవాణ్ణి.

అప్పుడే మా టీచరమ్మ నుంచి ఫోను వచ్చింది. ఉదయగిరి బడిలో నాకు లెక్కలు చెప్పిన మనిషి. లెక్క సగం చేసి చేతులు ముడుచుకుని కూర్చునే అలవాటు నాకుండేది, దాన్ని వదిలించాలని ఆమె చేయని ప్రయత్నం లేదు. రిటైరైన తర్వాత పింఛను కాగితాల కోసమని కంప్యూటర్ కొనుక్కుంది. అందులో బంధువుల పిల్ల ఎవరో కారు పందెం ఆట ఒకటి వేసిచ్చి పోయింది. అంతే, పింఛను కాగితాలు అటకెక్కాయి. కొన్నాళ్ళకు బల్లకు బిగించుకునే స్టీరింగు వచ్చింది, కాళ్ళ కింద బ్రేకు, ఎక్సిలేటరు వచ్చాయి, ఆఖరికి ఒక పెద్ద గేమింగ్ మానిటర్ కూడా వచ్చింది. ఆ మానిటర్ ఏరి, మోసుకుపోయి, బిగించింది నేనే. "దీంట్లో వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఉంది టీచరమ్మా, ఆట ఎంత వేగంగా బొమ్మలు అందిస్తే తెర అంత వేగంగా మార్చుకుంటుంది" అని నేను పాఠం చెబితే, ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, "అంటే నేను ఎంత వేగంగా చెప్తే అంత వేగంగా రాసుకునే పిల్లోడి మాదిరి. మీ తరగతిలో అట్టాంటోడు ఒక్కడూ లేడు" అంది.

ఇంతకీ ఫోనులో సంగతి ఏమిటంటే, తెర మినుకుమంటోంది. మామూలుగా కాదు, ఆటలో సొరంగం రాగానే వెలుగు ఎక్కువా తక్కువా అవుతూ కళ్ళు జిగేల్మనిపిస్తోంది. అదీ ఎప్పుడు? పోయిన ఆదివారం ఆమె తమ్ముడితో పందెం వేసినప్పుడు! ఆ తమ్ముణ్ణి మేమంతా డ్రైవరు మామ అంటాం. ఉద్యోగమంతా ఆత్మకూరు, ఉదయగిరి, సీతారామపురం దారుల్లో బస్సు నడిపి రిటైరైనవాడు. టీచరమ్మ ఏళ్ళ తరబడి ఆ బస్సులోనే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని బడికి పోయేది. వయసులో ఉన్నప్పుడు, "నాకూ నేర్పరా" అని ఎన్నిసార్లు అడిగినా తమ్ముడు నవ్వి కొట్టిపారేసేవాడట. "సుద్దముక్క పట్టే చెయ్యి వేరక్కా, స్టీరింగు పట్టే చెయ్యి వేరు" అనేవాడట. ఆ మాట ఆమె మరిచిపోలేదు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక నిజం బండి నడపడం ఎటూ కాదు, కనీసం ఈ తెర మీదైనా తమ్ముడితో సరిసమానంగా నడపాలని ఆమె పట్టు. తీరా పందెం నాడు సొరంగంలో తెర మినుకుమని, ఈమె బండి గోడకు కొట్టుకుని, తమ్ముడు గెలిచాడు. తెర సంగతి చెబితే ఆయన పగలబడి నవ్వి, "ఆడలేక మద్దెల ఓడన్నిందంట" అన్నాడు.

"నేను సాకులు చెప్పే మనిషినంటరా?" అని ఫోనులో అడిగింది టీచరమ్మ. మా తరగతిలో సాకు అనే మాట వింటేనే మండిపడే మనిషి ఆమె. "వాడు మళ్ళా ఆదివారం వస్తాడు. ఆ లోపల తెర బాగుండాల. తర్వాత ఓడితే ఓడతా, నాకు బాధ లేదు. కానీ మద్దెల మంచిదై ఉండాల." మా ఓనరన్నకు చెబితే, తల ఎత్తకుండానే, "కంపెనీకి పంపిచ్చేయ్ రా, పది పదిహేను దినాల్లో కొత్తది వస్తాది" అన్నాడు. అది కుదరదు, ఆదివారం దాటితే కొత్తదెందుకు, పాతదెందుకు? "నేనే బాగుచేస్తానన్నా" అన్నాను. "చేస్తావు, చేస్తావు, పో" అని ఆయన అన్న తీరుకు నాకు ఒళ్ళు మండి, అప్పటికప్పుడే ఉదయగిరి బస్సెక్కాను.

తీరా పోయి చూస్తే, తెర నిమ్మళంగా ఉంది. ఇంటర్నెట్టు తెరిచినా, ఫోటోలు చూసినా ఏ తేడా లేదు. ఆట పెట్టి సొరంగంలోకి పోగానే మొదలైంది, కొలిమి దగ్గర తిత్తి ఊదినట్లు వెలుగు ఎక్కుతోంది, దిగుతోంది. అప్పుడు నేను చేయవలసింది ఆలోచించడం. కానీ నేను మా ఊరివాణ్ణి కదా! "కరెంటు టీచరమ్మా, సందేహం లేదు" అన్నాను. ఆమె కూడా మా ఊరి మనిషే కాబట్టి, "నేనూ అదే అనుకున్నారా" అంది. ఇద్దరం ఎంత తొందరగా ఏకాభిప్రాయానికి వచ్చామో! మా ఇళ్ళలో కరెంటు మీటర్ దగ్గర ఫేజు మార్చే హ్యాండిలు ఒకటి ఉంటుంది. ఒక ఫేజులో కరెంటు డల్లుగా ఉంటే ఇంకోదానికి తిప్పుకుంటారు. టీచరమ్మ హాల్లో కూర్చుని బండి నడుపుతూ "మినుకుమన్నింది!" అని అరవడం, నేను వరండాలో హ్యాండిలు తిప్పడం, తిప్పిన ప్రతిసారీ ఇల్లంతా ఒక్క క్షణం ఆరిపోయి కంప్యూటర్ ఆగిపోవడం, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టడం. సాయంత్రానికి నా భుజం నొప్పి పుట్టింది తప్ప, సొరంగంలో మినుకు పోలేదు.

తర్వాత అంగట్లోంచి స్టెబిలైజరు తెచ్చాను. పోలేదు. కేబుల్ మార్చాను. పోలేదు. ఉన్నవాటిలోకెల్లా పెద్ద యూపీయస్ బతిమాలి తీసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. (చంటిపిల్లను కూడా ఎవరూ అంత జాగ్రత్తగా తెచ్చి ఉండరు.) దాంతోనూ మినుకు పోలేదు. అప్పుడు వీధిలో పోతున్న లైన్‌మేనన్నను పిలిస్తే, ఆయన స్తంభం వంక, నా వంక చూసి, "ఎర్తింగ్ ఎండిపోయుంటాది. గుంతలో ఉప్పేసి నీళ్ళు పోయండి" అని చెప్పి బండెక్కి పోయాడు. అది మంచి మాటే. ఎండాకాలం మావైపు నేల రాయిలా ఎండిపోతుంది కాబట్టి ఎర్తింగ్ గుంతకు నీళ్ళు పోయడం అందరూ చేసేదే. కాకపోతే అందరూ ఒక చెంబు పోస్తారు. నేను పట్టుదల మీద ఉన్నాను. గల్లుప్పు ప్యాకెట్లు కత్తిరించి గుంతలో గుమ్మరించి, బిందె తర్వాత బిందె పోయడం మొదలుపెట్టాను. ఆ ఎండల్లో నీళ్ళ ట్యాంకరు వచ్చే దినం కోసం ఊరంతా ఎదురుచూస్తుంటే, ఈ మహానుభావుడు మెడలో ఐడీ కార్డుతో గోడవార గుంతకు నీళ్ళు పోస్తున్నాడు! పక్కింటామె ప్రహరీ మీదుగా చూసి, "ఏం చెట్టు నాటినావు టీచరమ్మా, అన్ని నీళ్ళు తాగతా ఉండాదే?" అని అడిగింది. "మానిటరు చెట్టు తల్లీ" అంది టీచరమ్మ, నవ్వకుండా.

ఆదివారం రానే వచ్చింది. టీచరమ్మ చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా స్టీరింగు ముందు కూర్చుంది. డ్రైవరు మామ కుర్చీలో చేరగిలబడి మజ్జిగ తాగుతూ, "ఏమయ్యా మెకానిక్కూ, మద్దెల సరైందా?" అన్నాడు. నేను తల ఊపాను, కానీ ఆ ఊపడంలో అవునూ లేదు, కాదూ లేదు. పందేనికి ముందు ఒకసారి చూసుకుందామని ఆట పెట్టాం. సొరంగం ఇంకా రాకముందే టక్కుమని కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, యూపీయస్ కుయ్యి కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది. కంప్యూటరూ, తెరా మాత్రం దాని బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నాయి, టీచరమ్మ బండి ఆపకుండా సొరంగంలోకి పోనిచ్చింది. తెర మినుకుమంది. అంతకుముందు ఎట్లా మినుకుమందో అట్లాగే మినుకుమంది. నేను ఫ్యాను వంక చూశాను, తెర వంక చూశాను. ఊళ్ళో కరెంటే లేదు, ఇంక కరెంటు తప్పు ఎక్కడిది? వారమంతా తిప్పిన హ్యాండిలు, మోసిన పెట్టెలు, గుంతలో పోసిన నీళ్ళు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగి, ఓరి దేవుడా అనుకుని నెత్తి పట్టుకుని కూలబడ్డాను.

"ఇంకెందుకులే అక్కా, ఒప్పేసుకో" అన్నాడు మామ. "నువ్వు అన్నం తినరా ముందు" అంది ఆమె. ఆయన తినడానికి లేచాడు, కాసేపటికి కరెంటు వచ్చింది, నాకు ఆ భోజనమంత సమయం దొరికింది. కరెంటు మీద ఆశ పోయాక గానీ నాకు బుర్ర పనిచేయలేదు. సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో తెర మూలన అంకె కనపడే ఏర్పాటు చేసి, టీచరమ్మను నడపమన్నాను. మామూలు రోడ్డు మీద ఆ అంకె బాగానే ఉంది. సొరంగంలో దీపాలు, నీడలు రాగానే దబ్బున పడిపోయి, లేచి, మళ్ళీ పడింది. అది పడి లేచినప్పుడల్లా తెర మినుకుమంది. అప్పుడర్థమైంది. తెర మార్చుకోగల వేగానికి కింద ఒక హద్దుంది. ఆట అంతకన్నా తగ్గితే తెర ఒక్కో బొమ్మను రెండుసార్లు చూపించి నెట్టుకొస్తుంది, ఆట కోలుకోగానే మామూలుకు వస్తుంది. ఆట సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఊగిసలాడుతుంటే తెర వేగం రెట్టింపై, సగమై, దాంతోపాటు వెలుగు కూడా మారుతోంది. ఆట అంతగా ఎందుకు ఆయాసపడుతోంది? బిగించిన రోజు టీచరమ్మ మెచ్చుకోవాలని ఆట సెట్టింగుల్లో నేను నీడలు, మెరుపులు, గడ్డిపోచలు అన్నీ అత్యున్నతం మీద పెట్టాను గనక!

ముందు వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఆపేసి చూశాను. మినుకు పోయింది గానీ, మలుపులో బొమ్మ అడ్డంగా చీలింది. "ఒరే, రోడ్డు రెండు ముక్కలైనాది, నేను ఏ ముక్క మీద పోవాల?" అంది టీచరమ్మ. మళ్ళీ ఆన్ చేశాను. ఈసారి ఆటలో నీడలు తగ్గించాను, మెరుపులు తీసేశాను, గడ్డి పీకేశాను, చెట్లు పలచన చేశాను. బొమ్మల వేగం ఒక అంకె దాటి ఎక్కకుండా, హద్దుకు బాగా పైన కట్టేశాను. సొరంగంలో అంకె కదల్లేదు. తెరా కదల్లేదు. టీచరమ్మ సొరంగంలో ఒకసారి పోయి, వెనక్కి తిప్పుకుని ఇంకోసారి పోయి, నా వంక చూసింది. బడిలో నా లెక్క ఎప్పుడన్నా సరిపోతే అట్లాగే చూసేది, అట్లాంటివి ఎక్కువ లేవు లెండి.

చెయ్యి కడుక్కుని వచ్చిన మామ తెర చూసి, "చెట్లేవి? అంతా బోడిగా ఉండాదే" అన్నాడు. "సీతారామపురం రోడ్డనుకో, కూర్చో" అంది అక్క. ముందు ఆయన నడిపాడు. తర్వాత ఆమె. ఇద్దరిలో ఎవరు తక్కువ సమయంలో చుట్టి వస్తే వాళ్ళు గెలిచినట్లు. సొరంగం దగ్గర నేను తెలిసిన దేవుళ్ళందరితోపాటు టీచరమ్మ దేవుడికి కూడా మొక్కుకున్నాను. తెర చెక్కుచెదరలేదు. ఆమె సొరంగంలోంచి నిఖార్సుగా బయటికి వచ్చింది, మలుపులన్నీ తిప్పింది, ఆఖరి మలుపులో మాత్రం తొందరపడి కాస్త వెడల్పుగా పోయింది. అక్కడే పోయింది పందెం, రవ్వంతలో.

డ్రైవరు మామ ఈసారి నవ్వలేదు. అక్క ముఖం చూసి ఆయనకే మనసొప్పక, "ఏందక్కా, మళ్ళా మినుకుమన్నిందా?" అని మెల్లగా అడిగాడు. ఆయనే సాకు తెచ్చి చేతికిస్తున్నాడు. టీచరమ్మ స్టీరింగు మీంచి చేతులు తీసి, వెనక్కి వాలి, "లేదురా. తెర బెమ్మాండంగా ఉండాది. నేనే ఓడిపోయినాను" అంది. అని, ఇంత వెలుగు ముఖంతో నవ్వింది! మామ, "ఆ ఆఖరి మలుపు నువ్వు ముందే బ్రేకు తొక్కాలక్కా. రా, చూపిస్తా" అని కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాడు. వాళ్ళిద్దరినీ అట్లాగే వదిలేసి, యూపీయస్ చంకనెత్తుకుని బస్టాండుకు నడిచాను.

ఆత్మకూరు బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే కండక్టరు చూసి, "ఏంది తమ్ముడా, ఏమన్నా గెలిచినావా?" అన్నాడు. "లేదన్నా, మా టీచరమ్మ ఓడిపోయింది" అన్నాను ఉత్సాహంగా. ఆయన నన్ను, నా ఒళ్ళో పెట్టెను ఎగాదిగా చూసి, టికెట్టు చేతిలో పెట్టి, ఇంకేమీ అడక్కుండా ముందుకు పోయాడు. ఆ తర్వాత నేను ఎన్ని బాగుచేశానో, ఎంతమంది మెచ్చుకున్నారో గుర్తులేదు. కానీ ఒక మనిషి ఓడిపోయిందని అంతగా పొంగిపోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది.