మడతిల్లు

మొన్న ఆదివారం ఊరికి వెళ్తూ, అమ్మ తెమ్మన్న బరకం కోసం విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక కొట్టులో ఆగాను. నీలం రంగు ప్లాస్టిక్ బరకాలు నాలుగైదు పరిచి, నాకేదీ నచ్చడం లేదని గ్రహించి, కొట్టతను అటక మీది నుంచి పాత రకం మైనపు గుడ్డ చుట్ట ఒకటి దించి నా ముందు విదిల్చాడు. మైనం, కిరసనాయిలు, కాస్త బూజు, ఎప్పుడో తడిసి ఎండిన గుడ్డ కంపు అన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకి తగలగానే నేను బేరం మర్చిపోయాను. పదేళ్ళ వయసులో ఆ వాసనలో పడుకుని, ఆ వాసనలో లేచి, జడలకి కూడా అదే వాసనతో బడికి వెళ్ళినదాన్ని. అది మా మడతింటి వాసన.

మా ఊరు భోగాపురానికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉండేది. ఊరు ఇప్పటికీ ఉంది, మా వీధే లేదు. అమ్మ కాపరానికి వచ్చినప్పుడు మా ఇంటికీ సముద్రానికీ మధ్య ఇంకో రెండు వరసల ఇళ్ళూ, వలలు ఆరేసుకునే దిబ్బా, దాని వెనక సరుగుడు తోపూ ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి ముందు వరస మాదే. అలల తుంపర మా వంటింటి కిటికీ చువ్వల మీద ఉప్పుగా పేరుకునేది, తమ్ముడూ నేనూ దాన్ని వేలితో గీకి జీడిమామిడి పండుకి అద్దుకుని తినేవాళ్ళం.

ఆ రోజుల్ని నేను నెలల పేర్లతో కాక వాసనలతో గుర్తుపెట్టుకున్నాను. నెత్తళ్ళ చేపలు ఇసకలో ఎండేటప్పుడు ఊరంతా ఒకే కంపు, ఆ కంపే మాకు పండగ, ఎందుకంటే అప్పుడు అందరి చేతుల్లోనూ నాలుగు రాళ్ళు ఆడేవి. ఎండలు ముదిరితే జీడిపిక్కలు కాల్చే పొగ, పొద్దున్నే చోడి అంబలిలో నంజుకునే ఉల్లిపాయ ఘాటు, గంగమ్మ తల్లి పండక్కి ఇంటింటా బూరెలు వేగే నూనె వాసన. సాయంత్రం ఒడ్డుకి లాగిన పడవల కింద దూరి దాగుడుమూతలాడేవాళ్ళం, పీతల బొరియల్లో పుల్ల పెట్టి వాటిని రెచ్చగొట్టి మేమే కేకలు పెట్టి పరిగెత్తేవాళ్ళం. వీటన్నిటి మీదా మా మామ్మ చుట్ట వాసన ఉండేది. నాన్నని కన్న తల్లి ఆవిడ. మా వైపు ముసలమ్మలు చాలామందిలాగే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, అలా తాగుతూనే మాట్లాడేది, తిట్టేది, పాడేది. నాలుక ఎలా కాలదో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు.

నాన్న వేటకి వెళ్ళేవాడు కాదు. ఐసు పెట్టెల్లో చేపలు నింపుకుని పొద్దు పొడవకముందే నరసన్నపేట దాకా తోలే చిన్న వ్యాను ఉండేది ఆయనకి. అమ్మ పని సముద్రంతో తగువు. ఇంకో మాట నాకు దొరకడం లేదు. వాన పడితే చాలు, యూరియా సంచుల్లో ఇసక నింపి పెరటి వైపు పేర్చేది, అల వచ్చి రెండు లాక్కుపోతే నాలుగు పెట్టేది, ప్రతి శుక్రవారం సముద్రానికి ఎదురుగా ఉన్న గడపకి పసుపు రాసి బొట్టు పెట్టి, ఇక్కడి దాకా వచ్చావు, ఇక చాలమ్మా అన్నట్టు అక్కడే కాసేపు నిలబడేది. పెరటి వైపు రాళ్ళతో గట్టి గోడ కట్టిస్తానని నాన్న ఆవిడకి మాటిచ్చాడు. నాకు తెలిసి వాళ్ళిద్దరూ కలిసి కన్న కల ఆ గోడ ఒక్కటే. చేప ముళ్ళు ఏరుతూ కూడా ఆవిడ ఆ గోడ గురించే చెప్పేది, దాని మీద తులసికుండీ ఎక్కడ పెట్టాలో సహా.

ఆ ఏడు తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు అందర్నీ ఎప్పట్లాగే బడికి తోలారు. ఒక్కో గదిలో ఊరు ఊరంతా. పిల్లల ఏడుపులు, తడిబట్టలు, ముసలివాళ్ళ దగ్గు, కిటికీ పక్క చోటు కోసం తగాదాలు. బెంచీల మధ్య నేల మీద పడుకున్న మా మామ్మని ఎవరో చూసుకోక తొక్కారు. నాన్న అది చూశాడు. తుఫాను ఆ సారి మమ్మల్ని తప్పించుకుని ఒడిశా వైపు పోయింది గానీ, నాన్న మనసులో ఏదో అప్పుడే తిరిగిపోయిందని ఇప్పుడనిపిస్తుంది.

గోడకి రాళ్ళు చూడ్డానికని చెప్పి ఒకరోజు నన్ను వ్యానులో ఎక్కించుకుని బయల్దేరాడు. రాళ్ళ క్వారీ వైపు కాక భీమిలి రోడ్డు పట్టుకున్నాడు. అక్కడ ఒడ్డున యాత్రికుల కోసమని పెట్టి, నడవక మూసేసిన రిసార్టు ఒకటుండేది. ముళ్ళచెట్లు మొలిచిన ఆవరణలో, రెండు చక్రాల మీద, పెద్ద బియ్యప్పెట్టెలాంటిది ఒకటి బోసిగా పడి ఉంది. కాపలా ముసలాయన దాని పక్కన ఉన్న హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టాడు. గిలక చప్పుడుతో పైకప్పు లేచింది, దాంతోపాటు మడతలు మడతలుగా మైనపు గుడ్డ గోడలు లేచాయి, రెండు వైపులా సొరుగుల్లా రెండు మంచాలు బయటికొచ్చాయి, దోమతెర కిటికీలకి జిప్పులు, మూలన బుల్లి పొయ్యిగట్టు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. నాన్న నన్ను చూస్తున్నాడు. పాతది, ఒక చక్రం ఇరుసు తుప్పు పట్టింది, గుడ్డకి రెండు చోట్ల అతుకులున్నాయి. ఆయనకవేవీ కనబడలేదు. గోడ కోసం కూడబెట్టినదంతా అక్కడే ఆ రిసార్టు మనిషి చేతిలో పెట్టి, దాన్ని వ్యాను వెనక తగిలించుకుని ఇంటికి తెచ్చాడు.

ఊరంతా విరగబడింది. పిల్లలు చక్రాలెక్కారు, పెద్దవాళ్ళు హ్యాండిలు నేను తిప్పుతానంటే నేను తిప్పుతానని ఎగబడ్డారు, ఎవరో దానికి అప్పటికప్పుడు మడతిల్లు అని పేరు పెట్టారు, పెళ్ళిచూపులకి పనికొస్తుందని ఒకరూ, అత్తతో గొడవొస్తే మడిచి పట్టుకుపోవచ్చని ఒకరూ వేళాకోళాలాడారు. అమ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. రాళ్ళు ఏవని అడగలేదు. నాన్న కొత్త గిన్నె ఒకటీ పాల ప్యాకెట్టూ చేతిలో పట్టుకుని, ఊరందరి ముందూ కాస్త సిగ్గుపడుతూ, లోపలికొచ్చి పాలు పొంగించమన్నాడు.

"బండికి నిమ్మకాయలు తొక్కిత్తారు. పాలు ఇంట్లో పొంగిత్తారు" అంది అమ్మ. "నా ఇల్లు నాకున్నాది."

వెళ్ళి రెండు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లోపలికెళ్ళిపోయింది. పాలు పొంగించడమంటే ఏమిటో మా వైపు వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక కప్పు కింద పాలు పొంగాయంటే ఆ కప్పు మనదైనట్టు, అంతకుముందున్న ఇంటి నుంచి లేచి వచ్చేసినట్టు. అమ్మ అది చెయ్యనంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు మాటలు నడిచాయి. నాన్న నోట అది ఇల్లు, అమ్మ నోట బండి. అన్నం వడ్డిస్తూ కూడా ఒకరి మాట ఒకరు దిద్దుకోకుండా, ఎవరి మాట వాళ్ళు వాడుకుంటూ గడిపారు. నాకూ తమ్ముడికీ ఎవరి ముందు ఏ మాట అనాలో అలవాటైపోయింది.

ఒక్కసారి మాత్రం దాన్ని సరదాగా వాడాం. పడవలకి వేసి మిగిలిన నీలం, పసుపు రంగులు నాన్న దానికి పూశాడు. పైడితల్లమ్మ జాతరకి విజయనగరం తీసుకెళ్ళి, ఊరి చివర తెలిసినవాళ్ళ కళ్ళంలో విప్పాడు. సిరిమాను ఊరేగింపు చూసి వచ్చి, జీళ్ళు చప్పరిస్తూ, ఆ సొరుగు మంచం మీద నేనూ తమ్ముడూ జిప్పు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి, దారిన పోయే ప్రతివాళ్ళకీ తల చూపించాం. మామ్మ గుడ్డకి నిప్పంటుకుంటుందని చుట్ట బయటే పారేసి వచ్చి పడుకుంది. ఆవిడ నా కోసం కూడా అంత త్యాగం ఎప్పుడూ చెయ్యలేదు. అమ్మ వంట బయట మూడు రాళ్ళ మీద వండింది, పడక వ్యానులో వేసుకుంది.

తర్వాతి తుఫాను తప్పించుకుని పోలేదు. మధ్యాహ్నానికే సముద్రం రంగు మారింది, ఆటోలో మైకు పెట్టి ఊళ్ళోవాళ్ళని బడికి పొమ్మని చెప్తున్నారు. నాన్న మమ్మల్నీ మామ్మనీ ఎక్కించుకుని, మెరక మీద బడి గోడ చాటున మడతిల్లు విప్పి, అమ్మని తీసుకురావడానికి వెనక్కి వెళ్ళాడు. అమ్మ సంచులు నింపుతూనే ఉందట. తమ్ముడు ఆకలికి ఏడుపు లంకించుకున్నాడు. మామ్మ బుల్లి పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. అంతలో గాలికి ఒక పక్క గుడ్డ ఊడి టపటపా కొట్టుకుంటుంటే, నేను పట్టుకోలేక అరిస్తే, ఆవిడ ఇటు తిరిగి తాడు ముడెయ్యసాగింది. మేమిద్దరం తిరిగి చూసేసరికి పాలు గిన్నె దాటి పొయ్యిగట్టు మీదుగా తూర్పు వైపు పారుతున్నాయి.

మామ్మ గిన్నె దించబోయి వేళ్ళు కాల్చుకుంది. తర్వాత ఏమనుకుందో, కాలిన చేతులే జోడించి తూర్పుకి దణ్ణం పెట్టింది. పాలు తూర్పుకి పొంగితే మంచిదంటారు. సముద్రం కూడా తూర్పునే ఉందని ఆ క్షణంలో ఆవిడకి తోచలేదు. సరిగ్గా అప్పుడే అమ్మ నిలువెల్లా తడిసి, చంకలో అమ్మవారి పటంతో లోపలికి వంగింది. పొయ్యిగట్టు చూసింది, మామ్మ చేతులు చూసింది.

"అత్తా, పొంగించీసినావా?"

"నాను పొంగించలేదే లచ్చిమీ. అవే పొంగిపోనాయి."

అమ్మ పటాన్ని ఒళ్ళో పెట్టుకుని మంచం చివర కూలబడింది. "అయితే నా ఇల్లు ఎల్లిపోనాది" అంది. ఏడవలేదు, అరవలేదు. నాకు ఆ గొంతంటే ఇప్పటికీ భయం.

ఆ గుడ్డ గోడలు ఆ గాలికి ఏం నిలుస్తాయి! చీకటి పడేలోపే నాన్న దాన్ని మడిచి, బడి వరండా స్తంభాలకి మోకులతో కట్టేసి, మమ్మల్ని ఏ గదిలోకి పంపకూడదనుకుని అంత పనీ చేశాడో ఆ గదిలోకే పంపాడు. తెల్లారాక ఊళ్ళోకి వెళ్ళాం. మా ఇల్లున్న చోట నీళ్ళున్నాయి. మా ఇంటి వెనకవాళ్ళ పొయ్యి దగ్గర అల వచ్చి విరుగుతోంది. రాతిగోడ ఉంటే నిలిచేదా అని నేను పెద్దయ్యాక చాలాసార్లు ఆలోచించాను. నిలిచేది కాదు. కానీ ఆ మాట అమ్మకి చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ రాలేదు, నాన్నకి అసలే రాలేదు.

ప్రభుత్వం ఇస్తామన్న కాలనీ ఇల్లు వచ్చేదాకా మేము ఆ మడతింట్లోనే ఉన్నాం. జీడితోట అంచున వానలూ ఎండలూ అందులోనే గడిచాయి. నేను హరికేన్ దీపం పెట్టుకుని చదివిందీ, తమ్ముడికి అమ్మవారు పోసి లేచిందీ, మామ్మ చివరి రోజులు పడుకున్నదీ ఆ సొరుగు మంచాల మీదే. తుఫాను వెలిసిన కొన్నాళ్ళకి సముద్రం మా గడప చెక్కని ఒడ్డున పడేస్తే, అమ్మ దాన్ని మోసుకొచ్చి బండి మెట్టు ముందు పెట్టి, శుక్రవారం పసుపు రాసింది. అయినా నోట బండి అనే అంది. మామ్మ మంచాన పడ్డాక ఒళ్ళు తుడిచి, అంబలి పట్టి, కన్నతల్లికి చేసినట్టు చేసింది గానీ, ఆ పాల సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎవరైనా పాత ఇంటి ఊసెత్తితే మామ్మే, ఎవరూ అడక్కుండానే, అవే పొంగినాయి అనేది. ఆఖరికి మనుషుల్ని గుర్తుపట్టలేని రోజుల్లో కూడా ఆ మాట అంటూనే ఉంది. కాలనీ ఇంట్లో పాలు మా మేనత్త పొంగించింది. అమ్మ గుమ్మం బయట నిలబడి చూసింది.

మొన్న నేను బరకం తీసుకుని వెళ్ళేసరికి వాన ముసురు పట్టి ఉంది. వీధి పోయింది, అడ్డపొగ తాగే ముసలమ్మలు ఊళ్ళో ఒకరో ఇద్దరో మిగిలారు, జీడితోటలో సగం కొత్త రోడ్డు కింద పోయింది. కాలనీ ఇంటి వెనక రేకు పాక కింద మడతిల్లు మాత్రం ఉంది. హ్యాండిలు ఎప్పుడో విరిగి విప్పింది విప్పినట్టే ఉండిపోయింది, రంగు పెచ్చులూడింది, లోపల అమ్మ ఎండుచేపల బుట్టలు పెట్టుకుంటుంది. గాలికి పాక రేకు ఒకటి లేచిపోయి, నీళ్ళు తిన్నగా కప్పు మీదే పడుతున్నాయి. నాన్నకి ఈ మధ్య చూపు బాగా తగ్గింది. తడుముకుంటూ తాడు పట్టుకుని ఒక చివర ఆయన, ఒక చివర నేను బరకం లాగుతున్నాం. అమ్మ మెట్టు దగ్గరున్న గడప చెక్క పక్కన నిలబడి, తల మీద కొంగు కప్పుకుని, మా నిదానం చూసి విసుక్కుంది.

"బేగి కట్టండి, ఇల్లు తడిసిపోతన్నాది."

నాన్న చేతులు తాడు మీద ఆగిపోయాయి. అమ్మ అప్పటికే బుట్టలు సర్దడానికి లోపలికి వంగింది.  కట్టిన ముడి ఒకసారి విప్పి, మళ్ళీ గట్టిగా కట్టాడు.