రెండు రాకలు, ఒక పోక

ఆసుపత్రి వెనకాల కార్ల పార్కింగులో ఆయనది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. మొదటి పదకొండేళ్లు గేటు దగ్గర నోట్లో విజిల్, చేతిలో చీట్ల కట్ట. ఎండకు ఎండి, వానకు తడిసిన కొలువు. తర్వాత ఆ స్థలాన్ని ఒక ప్రైవేటు కంపెనీ తీసుకుంది. గేటు పీకేసి, లోపలికి వచ్చే దారిలో ఒక కెమెరా, బయటికి పోయే దారిలో ఒక కెమెరా బిగించారు. బండి వచ్చినప్పుడూ పోయినప్పుడూ నంబరు ప్లేటు అవే చదువుకుంటాయి. రెండింటి మధ్య మూడు గంటలు దాటిందా, యజమాని ఇంటికి జరిమానా నోటీసు పోతుంది. పక్క మార్కెట్టు వాళ్లు పొద్దున పెట్టిన బండిని పొద్దుగూకేదాకా తియ్యకపోతే, రోగుల బండ్లకు చోటు దొరక్క పెట్టిన నియమం అది.

విజిల్ ఊదేవాళ్లలో ఆయన్నొక్కణ్ణే ఉంచుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. కెమెరాకు కళ్లున్నాయి గానీ బుద్ధి లేదు. కాస్త బురద పడితే దానికి మూడు కూడా ఎనిమిదే. అందుకని ప్రతి నోటీసునూ ఒక మనిషి చూసి 'సరే' నొక్కాలి. ఆ మనిషి ఈయన. రోజుకు నాలుగొందల ప్లేట్లు. సగం చెరిగిపోయిన అంకెను కూడా దాని తోక చూసి పోల్చేవాడు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆయన 'నంబర్లాయనే'.

ఇంట్లో భార్య మాత్రం ఊరుకునేది కాదు.

"ఊళ్లో కార్లన్నీ గుర్తుపడతారు. ఎదురింటావిడ పలకరిస్తే మాత్రం ఎవరా అని బిక్కమొహం వేస్తారు. నేనూ మెళ్లో ఒక ప్లేటు కట్టుకుంటానండీ, అప్పుడన్నా ఇటు చూస్తారేమో."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వీధిలో నడుస్తున్నా ఆయన చూపు మోకాలెత్తు దాటి పైకి లేచేది కాదు.

ఒకరోజు భార్యను గుండె పరీక్షకని ఆ ఆసుపత్రికే తీసుకెళ్లాడు. పొద్దున తొమ్మిదింటికి వెళ్లారు. గంటలో తిరిగొచ్చేద్దాం అనుకున్నారు. డాక్టరు ఉంచెయ్యమన్నాడు. ఆయన ఇంటికెళ్లి దుప్పటి, బ్రష్షు, ఆవిడ సగం చదివిన వారపత్రిక సర్దుకుని ఒంటిగంటన్నరకు మళ్లీ వచ్చాడు. రెండున్నరకు ఆవిడ పోయింది. నాలుగింటికి ఆయన ఒక్కడే కారు బయటికి తీశాడు. దుప్పటి మడత విప్పకుండానే వెనక సీట్లో ఉండిపోయింది.

వేరే ఊళ్లో ఉండే కూతురు వచ్చి వారం రోజులుంది. వెళ్లేరోజు బ్యాగు జిప్పు లాగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నాన్నా, ఆ పొద్దున వెళ్లేటప్పుడు అమ్మ భయపడిందా?"

"లేదమ్మా. బాగానే ఉంది."

అనేశాడు. అన్నాక ఆ మాట ఎవరో పక్కింటివాళ్లు అన్నట్టు వినిపించింది. ఆ పొద్దుటి మొహాన్ని గుర్తు తెచ్చుకోబోయాడు. తమ ముందు వెళ్లిన తెల్ల కారు నంబరు గుర్తొచ్చింది. నాలుగంకెలూ వరసగా వచ్చాయి. పక్క సీట్లో కూర్చున్న మనిషి రాలేదు.

మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. అన్నం తిన్నాడు, గిన్నె కడిగాడు, బోర్లించాడు. ఏడుపూ రాలేదు. పన్ను పీకించుకున్న రోజు చెంపలా ఒళ్లంతా మొద్దుబారి ఉంది.

పదోనాడు డ్యూటీలో చేరాడు. ఆయన సీట్లో ఇంకెవరూ కూర్చోలేదు కాబట్టి పది రోజుల నోటీసులూ అలాగే పడి ఉన్నాయి. పని చెయ్యడం తేలికగానే ఉంది. ప్లేటు చూడు, టైము చూడు, నొక్కు. ప్లేటు చూడు, టైము చూడు, నొక్కు. మూడోరోజు మధ్యాహ్నం ఒక ప్లేటును చూసి, అంకెలు సరిపోయాయని 'సరే' నొక్కాడు. ఆ తర్వాత మూడు బండ్లు దాటాక చెయ్యి ఆగింది. అది తన కారు.

అది తప్పుడు నోటీసు కూడా. పదింటికి ఆయన ఇంటికెళ్లేటప్పుడు వెనకే నీళ్ల ట్యాంకరు ఆనుకుని రావడంతో, బయటి కెమెరాకు కారు కనిపించలేదు. పొద్దుటి రాకనూ సాయంత్రం పోకనూ ముడేసి ఏడు గంటలని లెక్క కట్టేసింది. రెండు రాకలు, ఒక పోక. అలాంటిది కనిపిస్తే నొక్కొద్దని కొత్తవాళ్లకు నేర్పిందే ఆయన.

నోటీసు ఇంటికొచ్చింది. దానిమీద ప్లేటు ముక్క మాత్రమే వేస్తారు. కానీ లోపలి కెమెరా తీసేది కారు ముందు భాగం మొత్తం. అద్దంలోంచి ముందు సీట్లూ పడతాయి. ఆ బొమ్మ ఫైల్లో ఉంటుంది. ఆ పొద్దుటి మొహం ఇంకెక్కడా లేదు, అక్కడుంది.

నియమాలు ఆయనకు కొట్టినపిండి. ఒకసారి 'సరే' నొక్కాక ఏ ఫైలూ ఆయన సీట్లో మళ్లీ తెరుచుకోదు. అర్జీ పెట్టుకుంటే పై అంతస్తులో అర్జీల అమ్మాయి చూస్తుంది. తప్పు కెమెరాదని తేలితే నోటీసు రద్దు. పరాయివాళ్ల మొహాలు దాచుకోకూడదు కనక ఆ క్షణమే బొమ్మలన్నీ చెరిగిపోతాయి. అర్జీ చెల్లకపోతే మాత్రం, ఇదిగో రుజువు అని పూర్తి బొమ్మ ఇంటికి పంపుతారు.

అంటే ఆయన ఓడిపోవాలి. అర్జీలో ఒకే ముక్క రాశాడు: 'నాకు నియమం తెలియదు.'

మర్నాడు అమ్మాయి పైకి పిలిపించింది.

"నియమం తెలియదా? ఆ బోర్డు బిగించింది నువ్వే కదా బాబాయ్! నిచ్చెన పట్టుకుంది నేను."

"కొట్టెయ్యమ్మా."

"ఏం కొట్టెయ్యడం? తప్పు కెమెరాది. చిన్నపిల్లాడైనా చెప్తాడు. రద్దు చేసేస్తా, పో, టీ తాగి రా."

"రద్దు చెయ్యకు. అర్జీ కొట్టెయ్యి."

ఆ అమ్మాయి మౌసు మీంచి చెయ్యి తీసింది. "లోకమంతా రద్దు చెయ్యమని నా ప్రాణం తోడేస్తుంటే, నీకేమొచ్చింది బాబాయ్?"

ఆయన చెప్పాడు. ఎక్కువ మాటల్లేవు. కూతురడిగింది, తాను చెప్పింది, తనకు తెలియంది. ఆ అమ్మాయి తెర వైపు చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది.

"ఫోన్లు కిందే పెట్టించేస్తారు, లేకపోతే ఫోటో తీసిచ్చేదాన్ని" అంది గొంతు తగ్గించి. "పోనీ, ఇటొచ్చి చూసెయ్యి. ఎవరూ లేరు. తర్వాత రద్దు చేస్తా."

ఆయన కదల్లేదు. "ఒక్కసారి చూస్తే నాకు నంబరే కనిపిస్తుందమ్మా."

ఆ అమ్మాయి కాసేపు పెన్ను మూత తీసింది, పెట్టింది.

"నా పేరు మీద తప్పుడు నిర్ణయం పడుతుంది, తెలుసా?"

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా? పెద్ద మొండి ఘటానివి నువ్వు." గట్టిగా ఒక్కసారి నొక్కింది. "పో. ఓడిపోయావు."

అయిదోరోజున కవరు వచ్చింది. వంటింటి గట్టు దగ్గర నిలబడే చింపాడు. అనుకున్నట్టే కళ్లు ముందు కిందికే పోయాయి, ప్లేటు మీదికి. అరచేత్తో దాన్ని మూశాడు. అప్పుడు పైకి చూశాడు.

నలుపు తెలుపు బొమ్మ. అద్దం మీద ఎక్కడో మెరుపు. ఆయన స్టీరింగు పట్టుకుని కిందికి, ముందు బండి వైపు చూస్తున్నాడు. పక్కన ఆవిడ. సీటు బెల్టు కింద ముందుకు వంగి, నోరు సగం తెరిచి, చెయ్యి చాపి కుడివైపుకు చూపిస్తోంది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. భయం కాదు, చిరాకు. ఆ వైపున ఖాళీ ఒకటి ఉండి ఉంటుంది. ఆవిడ అన్న మాట మాత్రం ఆయనకు ఎంతకీ వినిపించలేదు.

చాలాసేపటికి కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మ భయపడలేదమ్మా. ఇప్పుడు చూసి చెప్తున్నా."

"ఏం చేస్తోంది నాన్నా?"

"కారు ఎక్కడ పెట్టాలో చూపిస్తోంది."



"నీకా?" అంది కూతురు.

"నాకే" అన్నాడు.