తోడేలు మనిషి కోసం ఏడ్చిన సెలూన్ మావయ్య

మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన సెలూన్ మావయ్య. ఆయన భార్య అత్తయ్య. రెండు కుర్చీలు, ఒక పగిలిన అద్దం, ముప్ఫై ఏళ్ల అనుభవం, అదీ ఆయన సెలూన్.

ఒక ఆదివారం మ్యాట్నీకి ఇద్దరూ పాతకాలపు తోడేలు సినిమాకి వెళ్లారు. పున్నమి వస్తే చాలు, ఒళ్లంతా జుట్టు మొలిచి తోడేలైపోయే ఓ అమాయకుడి కథ. హాలంతా కెవ్వుమంటుంటే మావయ్య వెక్కివెక్కి ఏడ్చాడు.

“ఏవిటండీ ఆ ఏడుపు? నలుగురూ చూస్తున్నారు,” అని అత్తయ్య మోచేత్తో పొడిచింది.

“నన్ను కట్టేయండి బాబోయ్ అని వాడు కాళ్లావేళ్లా పడుతుంటే, వీళ్లేమో దివిటీలు పట్టుకుని వెంటపడుతున్నారు. ఇందులో మృగం ఎవరే? పైగా అంత జుట్టు! నా దగ్గరికి పంపితే గంటలో మనిషిని చేసేవాణ్ణి కదా!”

వారమంతా గడ్డానికి వచ్చిన ప్రతివాడికీ అదే కథ. గొంతు మీద కత్తి ఉండగా కాదనే ధైర్యం ఎవరికుంటుంది? సగం వీధి తోడేలు పక్షం చేరిపోయింది.

అంతలో ఓ రోజు పోస్ట్‌మ్యాన్ ఓ ఇంటి మెట్ల మీద పడ్డాడు. మోకాలు దోక్కుపోయింది. పక్కనే మా వీధిలో తిరిగే జూలు కుక్క నిలబడి ఉంది. అంతే! మొదటి ఇంట్లో కుక్క అరిచిందన్నారు, నాలుగో ఇంట్లో కరిచిందన్నారు, వీధి చివరికొచ్చేసరికి పిక్క ఊడొచ్చిందన్నారు. తోడేలు పక్షం వాళ్లే కర్రలు పట్టుకుని బయల్దేరారు. అందరికంటే ముందు మావయ్య బావమరిది, వీధి టైలరు.

కుక్క పరుగున వచ్చి సెలూన్లో దూరింది. మావయ్య దాన్ని కుర్చీ ఎక్కించి, మెడకి గుడ్డ కట్టి, జుట్టు తీసే మిషన్ ఆన్ చేశాడు.

జనం గుమ్మంలోకి వచ్చేసరికి పని పూర్తయింది.

“బావా, ఇటు జూలు కుక్క వచ్చిందా?” అన్నాడు టైలరు.

“జూలున్నదేదీ ఇక్కడ లేదు. చూసుకో.”

“మరి కుర్చీలో అదేంటి?”

“కస్టమర్ రా. నీకూ కావాలంటే వెనక కూర్చో.”

ఇంతలో పోస్ట్‌మ్యాన్ కుంటుకుంటూ వచ్చాడు. “కుక్కేం చేసిందండీ? నేను పడితే పాపం వచ్చి మొహం నాకింది. ప్యాంటు అంచు కుట్లు ఊడి కాళ్లకి చుట్టుకుంది, పడ్డాను.”

“ఎవరు కుట్టారేం?” అన్నారెవరో.

పోస్ట్‌మ్యాన్ మొహమాటంగా టైలరు వైపు చూశాడు. కర్రలన్నీ అటు తిరిగాయి.

“ఆగండి! మళ్లీ మొదలెట్టారా?” మావయ్య కసిరాడు. బావమరిదిని రెండో కుర్చీలో కూలదోసి, తలుపు మూసేశాడు. జనం చెదిరేదాకా అతను కదలడానికి లేదు. సినిమా కథ మొత్తం వినక తప్పలేదు. చివరికొచ్చేసరికి అతనూ ముక్కు చీదాడు.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన అత్తయ్య కుక్క చుట్టూ తిరిగి చూసింది.

“కాపాడారు, బాగానే ఉంది. ఎడం వైపు మరీ ఎక్కువ తీసేశారేమండీ?”

మావయ్య సరిచేద్దామని కత్తెర అందుకున్నాడు. కుక్క బల్ల కిందికి దూరింది.