నేను చదును చేసిన మేక కథ

నా చేతిలో పడ్డ పుస్తకం ఎగుడుదిగుడుగా బయటికి వెళ్లిన రోజు లేదు. ఫలక్‌నుమాలో మా బాపు పెట్టిన బైండింగ్ దుకాణాన్ని ముప్పై ఏళ్లుగా నేనే నడుపుతున్నాను. అందులో ఒక శికంజా ఉంది. పైన చక్రం తిప్పితే రెండు పలకల మధ్య పుస్తకాన్ని నొక్కిపట్టే ఇనుప ప్రెస్సు అది. పుస్తకాల లోపల ఏముందో మాత్రం నేనెప్పుడూ చదవలేదు. మిఠాయి చేసేవాళ్లకు మిఠాయి వెగటు కదా, అలాగే.

ఒక శుక్రవారం పక్క గల్లీ నుంచి ఒకావిడ వచ్చింది. ఒక బడిలో వంట చేస్తుంది. "అక్కా, మా బిడ్డ కథల పుస్తకం. పేజీలు ఊడుతున్నయి, జర గట్టిగ కుట్టు. రేపు పిల్లను తోల్కొని వస్త" అంటూనే ఆటో ఎక్కేసింది.

తెరిచి చూస్తే ఒక్క అక్షరం లేదు. తెల్లటి దళసరి కాగితాలు, వాటి నిండా చిన్న చిన్న బుడిపెలు. బొమ్మలు గీసుకునే పుస్తకమేమో, కాగితం చెమ్మకు పొక్కిందేమో అనుకున్నాను. అలాంటి కాగితం అంటగట్టినవాణ్ణి మనసులోనే తిట్టాను. ఆ బుడిపెల మీద నాకు పంతం కూడా వచ్చింది. కుట్టి, మైదా జిగురుతో అట్ట అతికించి, శికంజాలో పెట్టి రెండు చేతులతో బిగించాను. తెల్లారి తీస్తే పేజీలు ఇస్త్రీ చీరలా ఉన్నాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

శనివారం ఆమె కూతుర్ని తీసుకొచ్చింది. పదేళ్ల పిల్ల, తల్లి మోచెయ్యి పట్టుకుని మెట్టెక్కింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీ మీద వేళ్లతో వెతికింది. పేజీ తిప్పి మళ్లీ వెతికింది.

"పెద్దమ్మా, కథ ఏది?"

అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. పిల్లకు చూపు లేదు. ఆ బుడిపెలే అక్షరాలు. "ముందే చెప్పాలె గదమ్మా!" అని తల్లి మీద ఎగిరాను, తప్పు నాదని తెలిసి మరీ. పిల్ల ముఖం చూశాక నోరు మూసుకున్నాను.

పిల్ల దగ్గరున్నవన్నీ పాఠాల పుస్తకాలే. నవ్వొచ్చేది ఇదొక్కటే. వాళ్ల టీచరమ్మ సెలవు మీద ఊరెళ్లేముందు సొంతంగా అల్లి, చుక్కలు పొడిచి ఇచ్చిందట. ఒక మేక లోకల్ రైలెక్కి అందరి టికెట్లూ నమిలేస్తుంది. టీసీ దాని వెంట పడతాడు. సోమవారం ఆ కథను పిల్ల క్లాసులో చదవాలి.

"ముంగటి పేజీలు నాకు నోటికొచ్చు, మళ్ల రాసుకుంట. ఆఖరి రెండు పేజీలు చదవలే. మంచిగ కుట్టినంక చదువుదామని దాచుకున్న."

దాచుకుందట! ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

పుస్తకాన్ని గుమ్మంలోకి తీసుకెళ్లి, ఎండకు ఏటవాలుగా పట్టుకున్నాను. చుక్కలున్న చోట సన్నటి గుండ్రాలు కనిపించాయి. "నీ వేళ్లకు తగుల్తలేవు గాని, నా కళ్లకు కనబడుతున్నయి బిడ్డా!" అని అరిచాను.

"ఒక్కో అక్షరానికి ఆరు జాగలుంటయి" అంది పిల్ల. "ఎడమ దిక్కు పైనుంచి ఒకటి, రెండు, మూడు. కుడి దిక్కు నాలుగు, ఐదు, ఆరు. ఏ జాగల చుక్కుందో చెప్పు."

"ఒకటి, మూడు, నాలుగు."

"మ."

"ఒకటి, ఐదు."

"ఏ."

"ఒకటి, మూడు."

"క. మేక!"

పిల్ల సంచిలోంచి చుక్కలు పొడిచే పలక, దబ్బనం లాంటి పుల్ల తీసి, నేనిచ్చిన మందపాటి కాగితం మీద చెప్పింది చెప్పినట్టు పొడవసాగింది. అదీ కుడి నుంచి ఎడమకు. కాగితం తిప్పితే సరిగ్గా వస్తుందట. ఎదురుగా చాయ్ అమ్మే భాయ్ వచ్చి చూసి, "అరె ఆపా, యే బచ్చీ తో ఉర్దూ కే జైసా లిఖ్‌రై!" అని, అచ్చం ఉర్దూలా రాస్తోందని మురిసిపోయాడు. ఇక కదిలితే ఒట్టు.

నేనొక చుక్క తప్పు చెప్పేసరికి టీసీ కాస్తా ఎవరికీ తెలియని జంతువైపోయాడు. "మంచిగ చూడు పెద్దమ్మా, కళ్లున్నయి గదా!" అని పిల్ల కసిరింది. మా ఇంట్లో కూడా నన్ను అంత మాట ఎవరూ అనరు. పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు వాటి సంగతి మరిచి బెంచీ మీద కూర్చున్నారు. చాయ్ భాయ్ మాటిమాటికీ "బకరీ పకడీ గయీ క్యా?" అని, మేక దొరికిందా లేదా అని అడుగుతున్నాడు.

ఎండ వాలేసరికి మేక చివరి పెట్టెలో సీటు కింద దూరింది. టీసీ వంగాడు. ఆ తర్వాత నాలుగు వరుసల్లో నాకేమీ కనిపించలేదు. అట్ట అతికించినప్పుడు మైదా జిగురు అక్కడిదాకా పారి, తడిసిన కాగితం శికంజాలో పూర్తిగా చదునైపోయింది.

చెప్పడానికి ధైర్యం చాలలేదు. అప్పటికి నాకు నాలుగు అక్షరాలు పట్టుబడ్డాయి. "ఒకటి మూడు నాలుగు, ఒకటి ఐదు, ఒకటి మూడు..." అని, చుక్కలు కనిపిస్తున్నట్టే అందుకున్నాను.

పిల్ల పుల్ల ఆపేసింది. "ఇంతసేపు ఒక్కో చుక్కకు ఆగి ఆగి చెప్పినవు. గిప్పుడు గబగబ చెప్తున్నవు. ఆడ ఏం లేదు గదా?"

"లేదు బిడ్డా. నా జిగురుకే పోయినయి."

పిల్ల కాగితాన్ని పలకలో సరిచేసుకుంది. తిట్టినా బాగుండేది. తర్వాత పుల్ల తీసుకుని తనే టకటకా నాలుగు వరుసలు పొడిచింది. ఏం రాశావని అడిగితే, "సోమారం బడికి రా, ఇనొచ్చు" అంది.

ఆదివారం పిల్ల రాసి తెచ్చిన పేజీలన్నీ కుట్టాను. పేజీకీ పేజీకీ మధ్య వెన్ను దగ్గర కాగితం పట్టీలు పెట్టి, ఒకదాని బరువు ఇంకోదాని చుక్కల మీద పడకుండా చూశాను. శికంజా వైపు చూడనైనా చూడలేదు.

సోమవారం దుకాణం మూసి వెళ్లాను. వెనక బెంచీ మీద నేనూ చాయ్ భాయ్ ఇరుక్కుని కూర్చున్నాం. పిల్ల నిలబడి, వేళ్లు పరుగెత్తిస్తూ చదివింది. చివరి నాలుగు వరుసలు ఇవి:

"సీటు మీద ఒక పెద్దమ్మ కూర్చుంది. మేకను కొంగు కింద దాచి, ఇక్కడ ఏ మేకా లేదు అంది. ఆమె గొంతు వినగానే అది అబద్ధమని టీసీకి తెలిసిపోయింది. అయినా పోనీలే అని ఇద్దర్నీ వదిలేశాడు."